పికప్ బండి కొంటున్నారా? తగ్గిన పన్ను మీ దాకా వచ్చిందో లేదో చూసుకోండి

క్యాన్సిల్ మీద ఇంటికి పోయే మనోళ్లను ఇక ఏం చేస్తారని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే. ఒక బండి తీసుకుంటా, కిరాయిలకు నడుపుకుంటా, ఇంటి పట్టున ఉంటా అంటారు. టాటా ఏస్ కావచ్చు, బొలెరో పికప్ కావచ్చు, అశోక్ లేలాండ్ దోస్త్ కావచ్చు. ఆలోచనలో తప్పు లేదు. ఇక్కడ పదేళ్లు స్టీరింగ్ పట్టినోనికి ఊళ్లో కూడా అదే పని చేతికి అందుతది. చిక్కు కొనే పద్ధతిలో ఉంది. మీరు దుబాయి రూములో కూర్చొని వాట్సాప్‌లో ఫొటో చూస్తారు. అక్కడ బావమరిదో చిన్నాయిన కొడుకో షోరూంకు పోతాడు. ధర మాట్లాడేది ఒకరు, పైసలు కట్టేది ఇంకొకరు. అమ్మేటోడికి ఇంతకంటే మంచి బేరం దొరకదు.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి ఒక కారణం ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు 7 లక్షలు ఉన్న బండి అనుకోండి. పాత లెక్కలో అది 8,96,000. కొత్త లెక్కలో 8,26,000. అంటే 70,000 రూపాయల తేడా. దిర్హంకు 24 రూపాయలు అనుకుంటే 2,900 దిర్హంల పైనే.

ఆ పైసల విలువ ఎంతో మీ గ్రాట్యుటీ పక్కన పెట్టి చూడండి. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్ ఇస్తారు. 1,200 దిర్హంల బేసిక్ మీద ఎనిమిదేళ్లు పనిచేసినోనికి 195 రోజుల లెక్క, 7,800 దిర్హంలు వస్తయి. మన పైసల్లో 1,87,200. ఎనిమిదేళ్ల ఎండకు వచ్చింది అది. అందులో 70,000 షోరూంలో ఎవరి జేబులోకో పోతే మూడో వంతు కంటే ఎక్కువే పోయినట్టు.

పన్ను తగ్గిన సంగతి అందరికీ తెలుసు కదా, ఎట్లా పోతది అని మీరు అడగొచ్చు. ఒక్క అంకెలో పోతది. "అన్నా, ఆన్‌రోడ్ తొమ్మిదిన్నర పడతది, ఆఖరి రేటు" అని ఫోన్‌లో చెప్తారు. ఆ తొమ్మిదిన్నరలో ఎక్స్‌షోరూం ధర ఎంత, ఇన్సూరెన్స్ ఎంత, ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఎంత, డాలా మార్చడానికి ఎంత, హ్యాండ్లింగ్ చార్జీ అనే పేరు లేని బాకీ ఎంత అన్నది ఎవరూ చెప్పరు. పన్ను దగ్గర తగ్గింది ఇన్సూరెన్స్ దగ్గరో, యాక్సెసరీల దగ్గరో మళ్లీ ఎక్కుతది. కాబట్టి మొత్తం ధర మీద బేరం చేయకండి. కాగితం అడగండి. షోరూం పేరు, ముద్ర ఉన్న కొటేషన్‌లో ఒక్కొక్కటి విడిగా రాయించుకోండి. అదే కంపెనీ బండికి కరీంనగర్‌లో ఒకటి, నిజామాబాద్‌లో ఒకటి, వరంగల్‌లో ఒకటి తీసుకుంటే ఎక్కడ ఉబ్బించారో మీకే కనబడతది. కంపెనీ మధ్యలో ధర పెంచితే అది వేరే సంగతి. పెంచింది కూడా ఎక్స్‌షోరూం గడిలోనే కనబడాలి.

ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని రూలు లేదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియంను ప్రభుత్వమే నిర్ణయిస్తది. 2022 జూన్ నుంచి అమలైన లెక్కలో అది ఏడాదికి 16,049 రూపాయలు, పైన పన్ను. మిగతా భాగం కంపెనీకో తీరు ఉంటది, బేరమంతా అక్కడే. బయట రెండు చోట్ల అడిగి ఆ కాగితం షోరూంలో పెడితే వాళ్లే దిగొస్తారు.

ఇంకో మాట. షోరూంకు పోయేటోళ్లకు ముందే చెప్పి పంపండి, "మా అన్న దుబాయిలో ఉన్నడు" అని అనొద్దని. ఆ మాట విన్నాక డిస్కౌంట్ అనే ముచ్చటే ఉండదు. డిసెంబర్ ఆఖరులో, జనవరిలో పోయిన ఏడాది తయారైన బండ్లను వదిలించుకోవాలని చూస్తారు. తగ్గింపు బాగా ఇస్తే తీసుకోవచ్చు. కాకపోతే తయారైన నెల, ఏడాది చూడండి. రేపు మీరు అమ్మేటప్పుడు ఆ ఏడాదినే లెక్కపెడతారు.

ఫైనాన్స్ సంగతి. "తొమ్మిది శాతమే" అంటే ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడగండి. 6 లక్షల అప్పు, 9 శాతం ఫ్లాట్, నాలుగేళ్లు అంటే వడ్డీ 2,16,000, నెల కిస్తీ 17,000. మీరు నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం మొత్తం 6 లక్షల మీదే వేస్తున్నారు. అసలు లెక్కలో అది దాదాపు 16 శాతం వడ్డీ. దీనికి మందు ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. చార్జీలన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి, అప్పు తీసుకునేటోళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అది చేతికి రాకుండా మీ ఇంటోళ్లను సంతకం పెట్టనీయకండి.

ఇక సెకండ్ హ్యాండ్. మనోళ్లలో ఎక్కువమంది చూసేది ఇదే, మోసం కూడా ఇక్కడే ఎక్కువ. "నేను తొమ్మిది లక్షలకు కొన్న, ఆరుకు ఇస్తున్న" అంటడు అమ్మేటోడు. ఆయన కొన్నది పాత పన్ను మీద. 8,96,000 కు కొన్న అదే బండి ఈ రోజు కొత్తది 8,26,000 కు దొరుకుతుంటే బేరం అక్కడి నుంచి మొదలుకావాలి. పాత రేటుకు ఆరు లక్షలు న్యాయమైతే కొత్త రేటుకు అదే వాటా 5,53,000 అవుతది. బండి కండిషన్ చూసి దిగేది ఆ తర్వాత. "ఆరు మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి" అని ఎవరైనా అంటే నమ్మకండి. రిజిస్టరైన డీలర్ తన లాభం మీద మాత్రమే ఆ పన్ను కడతాడు. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి అది లేదు.

చూడడానికి పోయేటోళ్లు మెకానిక్‌ను వెంట తీసుకుపోవాలి, పొద్దున్నే పోవాలి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టినట్టు, చల్లటి ఇంజన్ కష్టం మీకు కనబడకుండా. ఇసుక, సిమెంటు మోసిన బండికి కమాన్ పట్టీలు కుంగి ఉంటయి, చాసిస్ మీద వెల్డింగ్ మచ్చలు ఉంటయి. పెయింట్ కొత్తగా మెరుస్తుంటే బండి కిందికి దూరి చూడాలి. మీటర్ తిరిగిన కిలోమీటర్లను అసలు నమ్మొద్దు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, ఆ ఖర్చు కూడా ధరలో తగ్గించి మాట్లాడాలి.

కాగితాల్లో ముఖ్యమైంది ఫైనాన్స్. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే వాళ్ల ఎన్‌వోసీ, ఫారం 35 లేకుండా బండి మీది కాదు, మీరు ఎంత కట్టినా సరే. ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ తేదీలు, చలాన్లు మీరే ఇక్కడి నుంచి చూసుకోవచ్చు. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకొని ఇంట్లో దాచిపెట్టుకుంటే సరిపోదు, ఆర్టీఏలో ఇవ్వాలి.

లైసెన్స్ పేరు చెప్పి కూడా ఏజెంట్లు గుంజుతున్నారు. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది, ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉన్నోళ్లు 7,500 కిలోలు దాటని రవాణా బండిని వేరే అనుమతి లేకుండా నడపొచ్చని. పికప్‌లు ఆ బరువు లోపలే ఉంటయి. గల్ఫ్ లైసెన్స్ మాత్రం దానికి బదులు కాదు. మన లైసెన్స్ గడువు దాటి ఏడాది కాకముందే రెన్యువల్ చేయించుకోండి, ఏడాది దాటితే మళ్లీ టెస్ట్ పెడతారు.

పైసలు బ్యాంకు ద్వారా, అమ్మేటోళ్ల ఖాతాలోకే పంపండి. బయానా ఎంత ఇచ్చినా రసీదు ఉండాలి, బేరం కుదరకపోతే వాపస్ ఇస్తారని దాని మీద రాయించాలి. బండి మీ పేరు మీద కుదరకపోతే మీ భార్య పేరు మీద పెట్టించండి. ఆర్సీ మీద ఆ పేరు ఎక్కేదాకా కొంత మొత్తం మీ దగ్గరే ఆపుకోండి.