ముఖం ఒకరిది, ఒళ్లు ఒకరిది

2023 నవంబరులో రష్మిక మందన్న నకిలీ వీడియో గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. లిఫ్టులోకి వస్తున్న ఒళ్లు బ్రిటన్‌లో ఉండే మరో యువతిది, ముఖం మాత్రం రష్మికది. "ఎంత ఘోరం" అంటూనే చానళ్లు ఆ ముక్కనే తిప్పి తిప్పి చూపించాయి. అందరూ హీరోయిన్ గురించే మాట్లాడారు. అడక్కుండా ఒళ్లు వాడేసుకున్న ఆ రెండో అమ్మాయి కూడా బాధపడింది పాపం, ఎంతమంది పట్టించుకున్నారు?

2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న కుర్రాడు మన గుంటూరు వాడే! పగేమీ లేదట. తాను నడిపే అభిమానుల పేజీకి జనం పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. అభిమానం ఇలా కూడా ఉంటుందన్నమాట.

రష్మిక తరఫున అమితాబ్ బచ్చన్ మాట్లాడారు. డిగ్రీ చదివే మనింటి పిల్లకి ఎవరు మాట్లాడతారు? ఇలాంటి మార్ఫింగ్ బొమ్మల మీద ఫిర్యాదు వస్తే గడువులోగా తీసెయ్యాలని ఐటీ నిబంధనల్లోనే రాశారు, 2021లో ఆ గడువు 24 గంటలుండేది. తీరా ఫోను తీస్తే ఆ మీట కనిపించి చావదు! మొన్న మా అమ్మాయీ నేనూ మూడు చుక్కలు నొక్కి, అందులో ఇంకోటి నొక్కితే దొరికింది, అదీ ఇంగ్లీషులో. ఫొటో పదిమందికి పంపడానికి మాత్రం ఒక్క నొక్కు చాలు.

పరువు పోతుందని ఇంట్లో నోరు నొక్కేస్తారు కదా, అందుకే చెబుతున్నా. కేంద్రం నడిపే సైబర్ నేరాల పోర్టల్‌లో ఆడవాళ్లు పేరు చెప్పకుండానే ఇలాంటివాటి మీద ఫిర్యాదు పెట్టే వీలుంది. ఆ వీడియో లింకు మాత్రం ముందే రాసిపెట్టుకోండి.