సొంతిల్లా, అద్దిల్లా? ముందు పిల్లల చదువు తేలనివ్వండి

పోయిన నెలలో ఓ ఆదివారం సాయంత్రం మా ఓనరమ్మగారు మెట్లెక్కి వచ్చారు. "అమ్మాయ్, మా వాడు హైదరాబాదు నుంచి వచ్చేస్తానంటున్నాడు. సంక్రాంతికల్లా ఇల్లు చూసుకోండమ్మా" అని చెప్పి, నేనిచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆవిడ ఇల్లు ఆవిడ కొడుక్కి కావాలి, అందులో తప్పేముంది? కానీ మా అమ్మాయి పదో తరగతి. మార్చిలో పరీక్షలు. ఆ రాత్రి పాప పుస్తకం ముందు కూర్చుని, "అమ్మా, మళ్లీ సామాను సర్దాలా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడే అత్తయ్య ఫోను. "ఇన్నేళ్లు కట్టిన అద్దెతో ఓ ఇల్లు వచ్చేదే. ఇంకా ఎన్నాళ్లు ఆ అద్దె కొంపల్లో?" మా ఆయన అప్పటికే అద్దంకిలోనే మూడు సెంట్లలో ఓ డాబా ఇల్లు చూసొచ్చారు. 35 లక్షలు చెప్తున్నారు. నాకూ ఆశ పుట్టింది. గోడకి మేకు కొట్టాలన్నా ఒకర్ని అడగక్కర్లేని ఇల్లు ఎవరికి చేదు?

ఆ రాత్రి పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఈ లెక్కా వేశాను. రిజిస్ట్రేషనుకి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి మన రాష్ట్రంలో నూటికి 7.5. అంటే 2,62,500. బ్యాంకులో 25 లక్షలు తీసుకుంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లపాటు నెలకు దాదాపు 21,700. మొత్తం కట్టేది 52 లక్షలు. అందులో వడ్డీయే 27 లక్షలు. మరి పద్నాలుగేళ్లలో మేం కట్టిన అద్దె? మొదట్లో 2,500, ఇప్పుడు 7,000. అంతా కూడితే ఏడు లక్షల దగ్గర తేలింది. అద్దె దండగ అంటారు కదా, మరి వడ్డీనేమనాలి?

"ఇల్లు మిగులుతుంది కదే" అన్నారు మా ఆయన. నిజమే. ధర కూడా పెరగొచ్చు. ఇప్పుడు కొనకపోతే ఐదేళ్ల తర్వాత ఇంకా ఎక్కువ పెట్టాల్సి రావచ్చు. ఇది తెలిసే చెబుతున్నాను, ఇప్పుడు కొనొద్దని.

మొదటి కారణం, మాకు నెల జీతం లేదు. ఎరువులు, పురుగుమందుల కొట్టు. రైతులు అరువు మీద తీసుకెళ్తారు. మిర్చి, పత్తి చేతికొచ్చి అమ్ముడైతేనే మాకు వసూలు. 2025లో ఏమైందో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని ఓ ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడాది మాకు రావలసిన బాకీలు సగం కూడా రాలేదు. ఓనరమ్మగారు పది రోజులు ఆగారు. బ్యాంకు వాయిదా ఆగుతుందా?

రెండోది, అసలు కారణం. వచ్చే జూన్‌లో పాప ఇంటర్. ఒంగోలో, గుంటూరో ఇంకా తేలలేదు. మూడేళ్లు తిరిగేసరికి బాబూ పది దాటుతాడు. పిల్లల్ని హాస్టల్లో వేయడం నాకు ఇష్టం లేదు. అవసరమైతే నేనే వాళ్లతో వెళ్లి ఉంటాను. అప్పుడు ఇక్కడ ఇంటికి వాయిదా, అక్కడ ఇంటికి అద్దె, రెండూ కట్టాలి. తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి ఓ మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను. మన అద్దంకిని రాజధాని చేసుకుని ప్రోలయ వేమారెడ్డి ఏలాడు, ఎర్రన ఇక్కడి ఆస్థానంలోనే ఉన్నాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చేశాడు. కోటలున్న రాజులే అవసరాన్ని బట్టి ఊరు మారారు. మనకెందుకు నామోషీ?

మూడోది బయటికి చెప్పడానికి కాస్త మొహమాటపడ్డ విషయం. బ్యాంకు అప్పు పోను పెట్టాల్సిన పన్నెండున్నర లక్షలు ఎక్కడివి? మా అమ్మావాళ్లు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన అరెకరం అమ్మితేనే వస్తాయి. ఇల్లు మాత్రం మా ఆయన పేరున రాయించాలని అందరూ ముందే అనేసుకున్నారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, అలవాటు అంతే. కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాకిచ్చిన పొలం పూర్తిగా నాది. దాన్ని ఇటుకల్లోకి మార్చినప్పుడు నా పేరు మాత్రం ఎందుకు కరిగిపోవాలి? "ఏమండీ, ఎప్పుడు కొన్నా దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉండాలి" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉండాల్సిందేలే" అన్నారు.

చివరికి ఇదీ మా నిర్ణయం. అరెకరం అమ్మడం లేదు. ఓనరమ్మగారి దగ్గరికి వెళ్లి పాప పరీక్షల సంగతి చెబితే, ఏప్రిల్ దాకా ఉండమన్నారు. అడిగితే సరిపోయేదానికి వారం రోజులు నిద్ర పాడుచేసుకున్నాను. తర్వాత ఎక్కడ ఉన్నా కాగితం రాయించుకుంటాం. మామూలుగా అంతా పదకొండు నెలలకే రాస్తారు. మేం మాత్రం ఖర్చు పెట్టుకుని రెండేళ్లకు రాయించి రిజిస్టరు చేయిస్తాం, చదువుల మధ్యలో ఖాళీ చేయించకూడదన్న షరతుతో. వసూళ్లు వచ్చే నెలల్లో ఇంటి కోసమని కొంత విడిగా వేస్తాం. అది వేయకపోతే నేను చెప్పిన లెక్కంతా వట్టిదే.

నెల జీతం ఉండి, పిల్లలు ఇంకా చిన్నవాళ్లై, పదేళ్లు ఆ ఊళ్లోనే ఉంటామని తెలిసినవాళ్లు నిక్షేపంగా కొనుక్కోండి. ఇంటి పత్రాలు, ఈసీ చూసుకున్నాకే బయానా ఇవ్వండి. మిగతావాళ్లు ఎవరో ఏదో అన్నారని తొందరపడకండి.

పాప నిన్న చదువుకుంటూ అడిగింది, "అమ్మా, ఇక్కడే ఉంటున్నామా?" అని. "పరీక్షలయ్యే దాకా ఇక్కడే" అన్నాను. మళ్లీ పుస్తకంలోకి తల దించింది. ప్రస్తుతానికి నాకు కావలసిన ఇల్లు అదే.