జీపులో బుక్కు కూడా ఉండాలి



మన ఏజెన్సీ ఊళ్లల్లో జీపే బస్సు, జీపే అంబులెన్సు. ఘాటీలో ఆగిపోతే మెకానిక్ పాడేరు నుంచి రావాలి. అందుకే చిన్న రిపేర్లు డ్రైవరన్నలే చేసుకుంటారు, చేయి తిరిగినోళ్లే. బుక్కు చూసేది మాత్రం తక్కువ. యూట్యూబ్ చాలంటారు. నేనొప్పుకోను. వీడియోలో బండి వేరే మోడలైతే ఆయిల్ ఎంత పొయ్యాలి, నట్టు ఎంత బిగించాలి అన్న లెక్కలే మారిపోతాయి.

ముందు డ్యాష్‌బోర్డులో పడున్న ఓనర్ మాన్యువల్ తియ్యండి. బ్రేక్ ఆయిల్ డాట్ 3నా, డాట్ 4నా అందులో ఉంటుంది. ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. పాతబడితే ఘాటీ దిగేటప్పుడు వేడికి లోపల ఆవిరి పుట్టి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. లోపల కూర్చున్నది మనోళ్లే కదా!

విప్పి బిగించే పనికి అది చాలదు, వర్క్‌షాప్ మాన్యువల్ కావాలి. మోడల్, సంవత్సరం, ఇంజిన్ మూడూ కలిస్తేనే కొనండి. బేసిక్స్‌కైతే ఐటీఐ మెకానిక్ మోటార్ వెహికల్ పుస్తకాలు మేలు.

నాకు మండేది ఒకటే. బండి అమ్మేటప్పుడు తెలుగులో మాట్లాడతారు, బుక్కేమో ఎక్కువగా ఇంగ్లీషులోనే ఇస్తారు. కంపెనీలను అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. ఈలోపు ఇంట్లో మొదటగా కాలేజీకొచ్చినోళ్లం ఇంతమందిమి ఉన్నాం. సెలవులకెళ్లినప్పుడు డ్రైవరన్న పక్కన కూర్చొని, ఆ సర్వీసు పేజీలు తెలుగులో రాసి జీపులో పెట్టి రండి.