ఆటకు గురువు

ఆటకు గురువేల యని కొందఱు తల్లిదండ్రు లడుగుచుందురు. అమలాపురపు సాత్విక్ సాయిరాజ్ తండ్రి తాను వ్యాయామోపాధ్యాయుఁడయ్యును, 2014లో కుమారుని హైదరాబాదున పుల్లెల గోపీచంద్ శిక్షణాలయమున కొప్పగించెను. అది నాకు మిక్కిలి మెచ్చుకోలు. అచటికి వచ్చిన మలేషియా శిక్షకుఁడు టాన్ కిమ్ హెర్ అతనిని ముంబయి యువకుఁడగు చిరాగ్ శెట్టితో జతపఱచెను. ఇరువురును పొడగరులే, ఇరువురును వెనుకనుండి బలముగాఁ గొట్టువారే. ఈ జత పొసఁగదని తొలుత వారికే తోఁచెనఁట! ఐనను గురువు మాట వినిరి. 2023 ఆసియా క్రీడలలో బాడ్మింటనునందు భారతదేశమునకు మొదటి బంగారుపతకము వారిదే.

కావున గురువును వెదకువారు ఆయన పేరుప్రతిష్ఠలకంటె, పిల్లవాని యాటను ఆయన యెంతసేపు ఓపికతోఁ గనిపెట్టునో చూడవలెను. రుసుము మాట పిదప. గెలుపు కానరాలేదని నెలకొక గురువును మార్చుట నాకు సమ్మతము గాదు. క్రొత్త దెబ్బ చేతికి వచ్చువఱకు పాతయాట కొంత చెడుట సహజము.