నాన్నగారి చేతికి కొత్త కారు

హైదరాబాద్-విజయవాడ హైవే. సూర్యాపేట దాటాక ముందున్న లారీని తప్పించబోయారు డెబ్భై ఏళ్ల పెద్దాయన. ఇండికేటర్ వేయలేదు. ముప్ఫై అయిదేళ్లుగా వేయని అలవాటే! అంతలో స్టీరింగ్ ఎవరో పట్టి లాగినట్టు ఎదురుతిరిగింది. గుండె గుభేల్‌మంది. 'కారు పాడైందిరా' అంటూ కొడుక్కి ఫోను. అది పాడవలేదు. నాన్నగారు ఏమరుపాటున గీత దాటుతున్నారనుకుని కారే ఆయన్ని వెనక్కి తెచ్చింది, అంతే.

2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700తో మనదగ్గర బాగా పేరుకెక్కిన ఈ 'అడాస్' సదుపాయాలు, 2024 డిసెంబరులో వచ్చిన కొత్త హోండా అమేజ్‌తో చిన్న సెడాన్‌లోకీ దిగాయి. ముందు అద్దం వెనక కెమెరా, కొన్నింట్లో బంపర్ దగ్గర రాడార్... ఇవే దాని కళ్లు. దిష్టికి కట్టిన నిమ్మకాయలో, బంతిపూల దండో అడ్డొస్తే ఆ రాడార్‌కి చూపు ఆనదు. తాళాలిచ్చేటప్పుడు షోరూమ్‌వాళ్లు ఆ ముక్క కూడా చెబితే బాగుండును!

అసలు చిక్కు వేరే ఉంది. 'లెవెల్ 2' అంటే స్టీరింగునీ వేగాన్నీ కారే సర్దుకుంటుంది. బాధ్యత మాత్రం డ్రైవరుదే. చేతులకు పనిలేకుండా కనిపెట్టుకుని కూర్చోవాలి, కారు చేతులెత్తేసిన క్షణంలో అందుకోవాలి. నలభై ఏళ్లు నడిపిన మనిషికి నడపడం కష్టం కాదు. ఉన్నట్టుండి అందుకోవడమే కష్టం. పైగా వయసుతో ముందుగా వినపడకుండా పోయేవి సన్నటి కీచు శబ్దాలు. కారు హెచ్చరించేది ఎక్కువగా వాటితోనే. డ్యాష్‌బోర్డు మీద చీమంత బొమ్మల సంగతి, మెడ నొప్పి సంగతి సరేసరి.

డ్రైవరు దృష్టి మళ్లకుండా ఈ కార్లు ఎంత కాపుకాస్తాయో 2024లో అమెరికాలోని ఐఐహెచ్ఎస్ సంస్థ పరీక్షించింది. పద్నాలుగింటిలో 'ఫర్వాలేదు' అనిపించుకుంది ఒక్కటే. పదకొండు నాసిరకమని తేలాయి.

ముసలివాళ్లు ఎక్కువున్న జపాన్ ఇంకో దారి పట్టింది. 2019 ఏప్రిల్లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల వ్యక్తి బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడంతో తల్లీ, మూడేళ్ల కూతురూ చనిపోయారు. లోపం కారుదేనన్నాడాయన. కోర్టు ఒప్పుకోలేదు. 2022 మే నుంచి అక్కడి పెద్దవాళ్లు కావాలంటే ప్రత్యేక లైసెన్సు తీసుకోవచ్చు. ఢీకొనేముందు తనంతట తాను ఆగే, తప్పు పెడల్ తొక్కితే దూకని కార్లను మాత్రమే దాంతో నడపాలి. స్టీరింగు తిప్పిపెట్టే సాయం అందులో తప్పనిసరి కాదు!

మనకు నలభై దాటాక రెన్యువల్‌కి డాక్టరు సర్టిఫికెట్ కావాలి, యాభై అయిదు దాటితే అయిదేళ్లకోసారి. అంతకుమించి 'నాన్నా, ఇక చాలు' అనే బరువైన మాట కొడుకులకే మిగులుతోంది.

ఆ మాట ఇంకా అనలేని కొడుకు ఓ ఆదివారం పొద్దున్నే పక్కన కూర్చుని ఒక్కో మీటా నొక్కి చూపించాడు. స్టీరింగ్ లాగేదాన్ని పెద్దాయన ఆపించేశారు. బ్రేకు వేసేదాన్ని ఉండనిమ్మన్నారు. ఇండికేటర్ అంటారా... కోడలు కార్లో ఉంటే వేస్తున్నారు!