తైపీ–షాంఘై: ఆకాశంలో చుట్టుదారి

భూగోళంపై రెండు చోట్లను కలిపే అతి చిన్న దారిని మహావృత్త దూరం అంటారు. తైపీ, షాంఘై నగరాల ప్రధాన విమానాశ్రయాల మధ్య అది 700 కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంటే హైదరాబాద్ నుంచి ముంబయికి ఉన్న ఆకాశమార్గం కంటే కొంచెమే ఎక్కువ. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ విమానానికి ఇది గంటలోపు పని. లెక్కలో తప్పేమీ లేదు గానీ, 1949 తరువాత దాదాపు ఆరు దశాబ్దాల పాటు అది ఏ సామాన్య ప్రయాణికుడికీ అక్కరకు రాలేదు.

చైనా అంతర్యుద్ధంలో ఓడిన కువోమింటాంగ్ ప్రభుత్వం తైవాన్‌కు తరలిపోయాక, చైనాకూ తైవాన్‌కూ మధ్యనున్న జలసంధికి అటూ ఇటూ నేరుగా తిరిగే విమానాలు లేకుండా పోయాయి. తరువాతి కాలంలో రాకపోకలకు అనుమతి వచ్చినా, తైపీలో బయలుదేరినవారు నైరుతి దిక్కున హాంకాంగ్‌కో మకావుకో వెళ్లి దిగి, అక్కడ వేరే విమానం పట్టుకుని తిరిగి ఈశాన్యానికి రావలసివచ్చేది. హాంకాంగ్‌కు సుమారు 800, అక్కడి నుంచి షాంఘైకి సుమారు 1,250 కిలోమీటర్లు. మొత్తం మీద అసలు దూరానికి మూడింతలు.

2003 చాంద్రమాన నూతన సంవత్సరానికి నడిపిన ప్రత్యేక విమానాలు కూడా దారిలో దిగి లేవక తప్పలేదు. 2005లో దిగే నిబంధన పోయినా హాంకాంగ్ ‘ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్’ను, అంటే విమానాలకు సమాచారం, మార్గదర్శనం అందించే బాధ్యత హాంకాంగ్‌కు అప్పగించిన గగనతల భాగాన్ని, తాకి రావాలన్న షరతు మిగిలింది. నేరుగా వెళ్లలేదని చెప్పుకోవడానికే అంత ఇంధనం తగలబెట్టారనడం అతిశయోక్తి కాదు. 2008 జులైలో మొదలైన వారాంతపు విమానాలూ ఆ చుట్టుదారినే పట్టాయి. ఆ ఏడాది నవంబరు 4న తైపీలో కుదిరిన ఒప్పందం ప్రకారం డిసెంబరు 15న తూర్పు చైనా సముద్రం మీదుగా సూటిదారి తెరుచుకున్నాక ప్రయాణం ఇంచుమించు గంట తగ్గింది. విమానాలు అవే, ఇంజన్లు అవే.

ఇలాంటిదే 2025 ఏప్రిల్‌లో భారతీయులకూ అనుభవమైంది. పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేయడంతో, ఇండిగో తన చిన్న విమానాలతో చుట్టుతిరిగి చేరుకోలేక ఢిల్లీ నుంచి తాష్కెంట్, అల్మాటీ సర్వీసులను ఆపేసింది.

దారి సూటిదైనంత మాత్రాన ప్రయాణ సమయం లెక్క తేలిపోదు. టికెట్‌పై ముద్రించే సమయం గాలిలో గడిపే సమయం కాదు. గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరే వరకు పట్టే కాలం. దానికి ఇంటి నుంచి విమానాశ్రయానికి పట్టే సమయాన్నీ కలపాలి. 2010 జూన్‌లో తైపీ నడిబొడ్డున ఉన్న సోంగ్‌షాన్ విమానాశ్రయాన్ని షాంఘైలోని హోంగ్‌చియావ్‌తో కలిపే సర్వీసులు మొదలై, తైపీ వాసులకు దూరాన ఉన్న తావోయువాన్ విమానాశ్రయం దాకా పోయే పని తప్పించాయి.

అయినా దారుల పేచీ తీరలేదు. 2015లో చైనా జలసంధి మధ్యరేఖకు చేరువగా ఎం503 అనే విమాన మార్గాన్ని ప్రారంభించినప్పుడు, తైవాన్ అభ్యంతరాల దృష్ట్యా దక్షిణానికి వెళ్లే విమానాలు ఆరు నాటికల్ మైళ్లు, అంటే సుమారు 11 కిలోమీటర్లు, పడమరకు జరిగి ప్రయాణించేలా సర్దుబాటు చేసింది. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఆ సర్దుబాటును ఏకపక్షంగా రద్దు చేసింది. తైవాన్ నిరసన తెలిపింది.