డిటెక్టివ్ నవలకు బీరువాలో చోటున్నదా?

గత విద్యాసంవత్సర ప్రారంభంలో మన గ్రంథాలయానికి కొనవలసిన తెలుగు, ఉర్దూ పుస్తకాల పట్టికను తయారుచేసే పని నాకు అప్పగించారు. వ్యాకరణాలు, సాహిత్య చరిత్రలు, కావ్య వ్యాఖ్యానాలు వ్రాసి, చిట్టచివర పెన్సిలుతో పన్నెండు నవలల పేర్లు చేర్చాను. వీటిలో ఒకటి రెండు పరభాషా నవలలు కూడా ఉన్నవి. పట్టిక తిరిగి వచ్చేసరికి ఏడు పేర్లమీద ఎర్రసిరా గీత ఉన్నది. ప్రక్కన "కాలక్షేపం" అని ఒకే ఒక్క మాట. ఆ గీత గీసినవారు నాకంటె పెద్దలు, విద్యావంతులు, విద్యార్థుల క్షేమం కోరేవారు. వారిమీద నాకు కోపం లేదు. కాని ఆ మాట మాత్రం ఏడాదిగా నన్ను వదలలేదు. కొన్ని కొని, కొన్ని అరువు తెచ్చుకొని ఆ పన్నెండింటినీ వేసవి సెలవులలో వరుసగా చదివాను. కొన్నింటికి ఇది రెండవ పఠనం, కొన్నింటికి నాలుగవది. ఆ పఠనంలో నాకు కలిగిన భావాలను విద్యార్థి మిత్రుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాను.

ఈ విషయంలో నేను నిష్పాక్షికుణ్ణి కానని ముందే ఒప్పుకోవాలి. మా అబ్బాది చిన్న కిరాణా దుకాణం. ఆయన చదువు ఉర్దూ బడిలో ఏడవ తరగతితో ఆగిపోయింది. కాని గల్లాపెట్టె క్రింద ఎప్పుడూ ఒక ఇబ్నె సఫీ నవల ఉండేది. అది ఆయన చదవవచ్చును, నేను చదవరాదు. అదీ ఇంటి శాసనం. అలిఫ్ బే నేర్పినవారు మౌల్వీ సాహెబే. ఆగకుండా, తడబడకుండా ఉర్దూ చదవడం నేర్పినవి మాత్రం దొంగతనంగా తీసిన ఆ పుస్తకాలే. తెలుగు విషయంలో ఆ పుణ్యం బస్టాండు ఎదుటి అద్దె పుస్తకాల షాపుకు దక్కుతుంది. అక్కడ కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు నాకు పరిచయమైనారు. ఒకసారి తెచ్చుకొన్న నవలలో చివరి నాలుగు కాగితాలు లేవు. హంతకుడెవరో తెలియలేదు. నేనూ, ప్రక్కింటి మిత్రుడూ నెల రోజులు వాదులాడుకొన్నాము. ఫలానా అధ్యాయంలో ఫలానావాడు ఈ మాట ఎందుకన్నాడు, తలుపు గడియ లోపలివైపు ఉండగా దీపం ఎవరు ఆర్పారు అని పుటలు తిరగవేసి చూపించుకొన్నాము. అనంతరం విశ్వవిద్యాలయంలో ఎన్నో సెమినారులలో కూర్చున్నాను. మూలపాఠాన్ని అంత శ్రద్ధగా పట్టి చూసిన సెమినారు మాత్రం మరొకటి ఎరగను.

ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928లో అలహాబాదు జిల్లాలోని నారా గ్రామంలో జన్మించారు. 1952లో జాసూసీ దునియా, 1955లో ఇమ్రాన్ వరుస ఆరంభమైనాయి. 1980లో మరణించేనాటికి రెండు వరుసలూ కలిసి 240కి పైగా నవలలు. ఇప్పుడు తిరిగి చదివితే అన్నీ నిలిచాయని అనలేను. కర్నల్ ఫరీదీ మరీ నిర్దోషి. ఆయనకు నిద్ర లేదు, భయం లేదు, పొరపాటు లేదు. ప్రక్కన అల్లరి కెప్టెన్ హమీద్ లేకపోతే ఆ మహానుభావుణ్ణి వంద పుటలు భరించడం కష్టం. విజ్ఞానశాస్త్రం పేరుతో వచ్చే యంత్రాలు కొన్ని నవ్వు తెప్పిస్తాయి. స్త్రీ పాత్రలు పలుచన. కాని ఆ వచనం! ఒక్క బరువైన మాట లేదు, ఒక్క అసభ్యమైన మాట లేదు. అమాయకునిలా నటించే అలీ ఇమ్రాన్ సంభాషణలను తరగతిలో వినిపిస్తే, ఉర్దూ పాఠ్యపుస్తకం తెరవడానికి బద్ధకించే పిల్లలు కూడా తల ఎత్తుతారు. ఇది నేను చూసిన సంగతి.

"కాలక్షేపం" అనే మాటకు నా సమాధానం ఒక పండితుని జీవితంలో ఉన్నది. మీర్ తకీ మీర్ కవిత్వంపై నాలుగు సంపుటాల బృహద్వ్యాఖ్యానం వ్రాసి 1996లో సరస్వతీ సమ్మాన్ పొందిన శంసుర్రహ్మాన్ ఫారూఖీ గారిని ఎరుగని ఉర్దూ అధ్యాపకుడు ఉండడు. ఆ ఫారూఖీ గారే ఇబ్నె సఫీ నవలలు నాలుగింటిని స్వయంగా ఇంగ్లీషులోకి అనువదించారు. 2011లో అవి చెన్నై నుంచి వెలువడినాయి. మీర్‌ను వ్యాఖ్యానించిన కలానికి హమీద్ పరిహాసం తక్కువది కాలేదు. మనకు ఎందుకు కావాలి?

పట్టికలో ఫారూఖీ గారి బృహన్నవల కయీ చాంద్ థే సరే ఆస్మాఁ కూడా ఉన్నది. 2006లో అచ్చయింది. చారిత్రకం గనుక దానిమీద గీత పడలేదు. అయితే ఆ నవల నడుమ ఉన్నదేమిటి? ఒక హత్య. 1835 మార్చిలో ఢిల్లీలో కంపెనీ అధికారి విలియం ఫ్రేజర్‌ను తుపాకితో కాల్చి చంపారు. ఆ నేరంపై నవాబు శంసుద్దీన్ అహ్మద్ ఖాన్‌ను అదే ఏడు అక్టోబరులో ఉరితీశారు. ఈ సంగతి చరిత్రలో ఉన్నదే. చదివేవానికి ముందే తెలుసు. అయినా ఉరి దగ్గరకు వచ్చేసరికి నా చేతులు చల్లబడినాయి. ఆ నవాబును ప్రేమించిన వజీర్ ఖానం వైపునుంచి కథ నడవడమే దానికి కారణం. ఆమె ఒడిలోని బిడ్డే తరువాత దాగ్ దెహ్లవీ అయినాడు. ఆరవ నిజాముకు కవితాగురువై, 1905లో హైదరాబాదులోనే కన్నుమూశాడు. ఆయన గజళ్ళు మన వార్షికోత్సవాలలో పాడుతూనే ఉన్నాము. ఆ గొంతు వెనుక ఉరికంబం ఉన్నదని ఈ నవల చదివేదాకా నాకు తట్టలేదు. దుస్తుల వర్ణనలు, నగల వర్ణనలు కొన్ని చోట్ల సహనాన్ని పరీక్షిస్తాయి, అది నిజమే.

గీత పడినవాటిలో జోసెఫీన్ టే 1951లో వ్రాసిన ది డాటర్ ఆఫ్ టైమ్ ఒకటి. కాలు విరిగి ఆసుపత్రి మంచంపై ఉన్న పోలీసు అధికారి గ్రాంట్, కదలకుండానే అయిదు శతాబ్దాల వెనుకటి నేరాన్ని విచారిస్తాడు. మూడవ రిచర్డు రాజు తన అన్న కుమారులను నిజంగా చంపించాడా? లోకమంతా నమ్మిన కథను వ్రాసిన థామస్ మోర్, రిచర్డు మరణించిన 1485 నాటికి ఏడెనిమిదేళ్ళ బాలుడు. అంటే ఆ కథ అంతా విన్నమాట. అదీ శత్రువుల నోట విన్నమాట. ఆధారం చెప్పినవాడెవడు, ఎప్పుడు చెప్పాడు, అందువల్ల ఎవరికి లాభం అనే మూడు ప్రశ్నలను ఇంత హాయిగా నేర్పే పుస్తకాన్ని చరిత్ర విద్యార్థి చేతికి ఇవ్వకపోవడం అన్యాయం.

కాని నాకు ఈ నవలతో ఒక పెద్ద తగాదా ఉన్నది. గ్రాంట్ విచారణ ఎక్కడ మొదలవుతుంది? రిచర్డు చిత్తరువును చూసి, ఇది హంతకుని ముఖం కాదు అనుకోవడంతో. ముఖాన్ని చూసి నిర్దోషి అనగలిగినవాడు రేపు ముఖాన్ని చూసే దోషి అనగలడు. పేరును చూసి, టోపీని చూసి, గడ్డాన్ని చూసి బస్సులో నా ప్రక్క సీటు ఖాళీగా ఉంచినవారున్నారు. అద్దె ఇల్లు చూపించి, పేరు చెప్పగానే నిన్ననే ఇచ్చివేశామన్నవారున్నారు. ఆ గ్రాంట్‌లు పుస్తకాలలో లేరు, వీధిలో ఉన్నారు. అందుచేత నవల మొదటి అధ్యాయాన్ని అనుమానిస్తూ తక్కిన అధ్యాయాలను మెచ్చుకోవలసి వచ్చింది. 2012లో లెస్టర్ నగరంలో కార్లు నిలిపే స్థలం క్రింద రిచర్డు అస్థికలు దొరికినప్పుడు, వెన్ను వంకర నిజమే కాని ఎండిపోయిన చెయ్యి మాత్రం కట్టుకథ అని తేలింది. చిత్తరువు చెప్పలేనిది ఎముక చెప్పింది.

ఓర్హాన్ పాముక్ నవల మై నేమ్ ఈజ్ రెడ్ పైనా గీత ఉన్నది. అట్టమీద హత్య అనే మాట కనబడినందువల్ల కాబోలు. రచయితకు 2006లో నోబెల్ బహుమతి వచ్చిన సంగతి అట్టకు రెండవ వైపున ఉన్నది! 1591 నాటి ఇస్తాంబుల్ చిత్రకారుల నడుమ జరిగిన హత్య అది; గుర్రం ముక్కుపుటాలను గీసిన తీరు హంతకుణ్ణి పట్టిస్తుంది. నడుమ కొంత సాగదీత ఉన్నది.

ఇక పెద్దలు నిస్సంకోచంగా ఆమోదించిన చారిత్రక నవలల సంగతి. విచిత్రమేమంటే, నాకు భయమున్నది వీటి విషయంలోనే. డిటెక్టివ్ నవల తాను కల్పన అని మొదటి పుటలోనే ఒప్పుకొంటుంది. చారిత్రక నవల కల్పనకు శాసనాల శాలువా కప్పుతుంది. అబ్దుల్ హలీం షరర్, వాల్టర్ స్కాట్ నవలలో ముస్లిములను చిత్రించిన తీరుకు నొచ్చుకొని మలికుల్ అజీజ్ వర్జినా వ్రాశారు. ఆయన నొచ్చుకోవడం న్యాయమే. కాని స్కాట్ మనకు చేసినదాన్నే షరర్ ఎదుటివారికి చేశారు కదా అని, ఆయన అభిమానినైన నేను తలవంచుకొన్నాను. తెన్నేటి సూరి చెంఘిజ్ ఖాన్ చదివినప్పుడు మరొక విధమైన కలవరం. బుఖారా దహనం, ఆయన మనుమడు 1258లో కూల్చిన బగ్దాదు గురించి వింటూ పెరిగినవాణ్ణి. ఆ పేరుగల వీరునికోసం కన్నీరు పెట్టించాడీ తెలుగు రచయిత. ఆ కన్నీరు నాకు ఇష్టం లేకుండానే వచ్చింది. గోన గన్నారెడ్డిలో అందరూ మరీ అందగాళ్ళైనా, గజదొంగ వేషంలోని స్వామిభక్తుని కథను అడివి బాపిరాజు గారు పరుగెత్తించారు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషులలో ఒకే పేరుతో వెలువడిన హైదరాబాదు పత్రిక మీజాన్‌కు తెలుగు సంపాదకులు ఆయనే.

మరి మనకథ ఏది? 1543లో గోలకొండ వృద్ధ సుల్తాను హత్యకు గురి అయినాడు. కొడుకు జంషీద్ గద్దె ఎక్కాడు. తమ్ముడు ఇబ్రహీం విజయనగరానికి పారిపోయి ఏడేళ్ళు ఆ నీడలో బ్రతికాడు, తెలుగును ప్రేమించాడు. సుల్తానైన తరువాత మల్కిభరాముడై అద్దంకి గంగాధరుని కావ్యాన్ని అంకితం పొందాడు. 1565లో ఆ ఆతిథ్యమిచ్చిన రామరాయలపైనే యుద్ధానికి నడిచాడు. రాక్షసులూ దేవతలూ లేని కథ ఇది. ఇందులో హత్య ఉన్నది, పలాయనం ఉన్నది, ఉప్పు తిన్న ఇంటిపై కత్తి ఎత్తవలసి వచ్చిన వేదన ఉన్నది. తళ్ళికోట పేరుతో నేను చదివిన నవలలలో ఈ మనిషి లేడు. శత్రు శిబిరంలో ఒక గుడారం మాత్రమే ఉన్నది. పారసీ తవారీఖులనూ తెలుగు కావ్య పీఠికలనూ ఒకే బల్లపై పెట్టుకొని చదవగల పిల్లలు మన కళాశాలలో ఉన్నారు. వారికి పాండిత్యం గ్రంథాలయంలో దొరుకుతుంది. కథను పట్టుగా నడిపే విద్య మాత్రం ఎర్రగీత పడిన ఆ ఏడింటిలో ఉన్నది.

ప్రస్తుతం ఆ ఏడు పుస్తకాలు తెలుగు శాఖ గదిలోని ఇనుప బీరువాలో ఉన్నవి. ఒక నోటుబుక్కులో సంతకం పెట్టి తీసుకోవచ్చును. ఈ వ్యాసం వ్రాసేనాటికి మూడు బయట ఉన్నవి. ఒకటి గడువు దాటి నెల అయింది, ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఎవరో దయచేసి తిరిగి ఇవ్వాలి. ఈ యేటి పట్టికను కమిటీ వారికి మళ్ళీ పంపుతున్నాను. నవలల పేర్లు ఈసారి సిరాతో వ్రాశాను.